రద్దయ్యే ప్రతి నంబరు వెనక ఒక పడవ చరిత్ర ఉంది: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కాకినాడ, ఉప్పాడ తీరంలో పాత తెరచాప పడవలూ, మొదటి తరం చెక్క మరబోట్లూ ఒక్కొక్కటే రిజిస్ట్రేషన్ నంబరు రద్దయి ఊడదీతకు పోతున్నాయి. మేకులు పాత ఇనుముకు, చెక్క పొయ్యికి. వాటన్నిటినీ కాపాడమని మేము అడగడం లేదు. చెక్క పడవకు ఆయుష్షు ఉంటుంది, అది తీరాక పోవలసిందే. పోయేలోగా దాని కొలతలు, పుట్టుక, చేతులు మారిన తీరు కాగితం మీదికి ఎక్కించమనే మా విన్నపం.

ఇది జరిగే పనేనని చెప్పడానికి ఇంగ్లండ్ నైరుతి తీరంలోని బ్రిక్స్‌హాం రేవు చాలు. ఇంజన్లు రాకముందు అక్కడివాళ్లు సముద్రం అడుగున లాగే ట్రాల్ వలను గాలితోనే ఈడ్చేవారు. ఇప్పటి బోట్లలా వల నోరు విప్పడానికి పలకలు కడితే గాలి తగ్గగానే పడవ నెమ్మదించి పలకలు దగ్గరికొచ్చేస్తాయి, వల మూసుకుపోతుంది. అందుకని పెద్ద పడవల్లో వల నోటికి అడ్డంగా 12 మీటర్లకు పైబడిన దూలం కట్టి, రెండు కొసలకూ ఇనుప చట్రాలు బిగించేవారు. తర్వాతి కాలంలో వల పైకి లాగడానికి ఆవిరి యంత్రం వచ్చినా పడవను నడిపింది గాలే. తెరచాప కుళ్లకుండా ఓక్ చెట్టు బెరడు రసం, ఎర్రమట్టి, కొవ్వు కలిపి పట్టించేవారు.

ఆ రేవులోని ‘ప్రావిడెంట్’ అనే పడవ సంగతి చూడండి. 1915 జనవరి 1న ఇంగ్లిష్ చానెల్‌లో ‘ఫార్మిడబుల్’ యుద్ధనౌక మునిగినప్పుడు, తుపాను గాలిలో 71 మందిని ఎక్కించుకున్నది ఈ పడవే. 1916 నవంబరు 28న జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. 1924లో అదే పేరుతో గాంప్టన్‌లో మరో పడవ కట్టారు. పేరొక్కటే పట్టుకుని చరిత్ర రాసేవాడు ఈ రెంటినీ కలిపేసి, మునిగిన పడవను ఎనిమిదేళ్ల తర్వాత చేపల వేటకు పంపుతాడు. మొదటిదాని నంబరు బీఎం 291, రెండోదానిది బీఎం 28 (బీఎం అంటే బ్రిక్స్‌హాం రేవు అక్షరాలు). ఆ నంబర్లే చిక్కు విప్పుతాయి. నంబరుతోనూ తిప్పలున్నాయి: 1902 దాకా బ్రిక్స్‌హాం పడవలు డార్ట్‌మత్ రేవు అక్షరాలు డీహెచ్ కింద ఉండేవి. అంటే 1895లో కట్టిన ‘పిల్‌గ్రిమ్’ వంటి పడవకు రెండు నంబర్లు. కనుక నంబరు, కట్టిన ఏడు, కట్టిన చోటు, ఈ మూడూ ఒకే పుటలో ఉంటేనే చరిత్ర నిలుస్తుంది. ఆ రేవు పడవల్లో పిల్‌గ్రిమ్, 1926 నాటి ‘విజిలెన్స్’ పునరుద్ధరణ పొంది ఈ రోజుకీ తెరచాప ఎత్తుతున్నాయి.

మన తీరంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. ఒక్కో ఊళ్లో ‘గంగమ్మ తల్లి’ పేరున్న పడవలు ఎన్నో. రకాలూ ఎక్కువే. అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) వేసే కుట్టు పడవకు లోపల వంకులు, అంటే పక్కటెముకల్లాంటి చెక్కలు, ఉండవు. పలకల అంచుల వెంట గడ్డి పరిచి కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. ఒడ్డున విరిగే కెరటానికి అది వంగుతుంది, మేకులు కొట్టిన పడవైతే పగులుతుంది. కాస్త కారుతుంది, నీళ్లు తోడుతూనే ఉండాలి, కుట్లు వదులైతే మళ్లీ కుట్టాలి. దుంగల తెప్పకైతే వేట నుంచి వచ్చాక కట్లు విప్పి దుంగలు ఆరబెట్టాలి, లేకుంటే నీరు తాగి బరువెక్కుతాయి. వీటి స్థానంలోకి ఫైబర్ తెప్పలు వచ్చాయి. 1950ల నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణుల సాయంతో చిన్న మరబోట్ల నమూనాలు దేశంలోకి వచ్చాయి. మన రేవుల్లో పాబ్లో, రొయ్య, సొర్ర, సోనా అనే బోట్ల రకాలు వాడుకలోకి వచ్చాయి. తాళ్లరేవు, కోరంగి వడ్రంగులు నక్షా లేకుండా కంటి కొలతతో కట్టిన పడవల లెక్క ఎక్కడా లేదు.

2025 మేలో కార్వార్‌లో నౌకాదళంలో చేరిన కుట్టు ఓడ ‘కౌండిన్య’ను అజంతా గుహలోని ఒక చిత్రం చూసి రూపొందించారు. పాత నక్షా ఒక్కటీ మిగలలేదు కాబట్టే అంత కష్టం. అదే కుట్టుపని తెలిసిన చేతులు మన తీరాన ఉండగా, కొలవకుండా వదిలేయడం మాకు మింగుడు పడటం లేదు.

కొలవడం ఇద్దరికి ఒక రోజు పని. పడవను నిటారుగా నిలబెట్టి, ట్యూబ్ లెవెల్‌తో చూసి, ముందు కొస నుంచి వెనక కొసకు నడిమధ్యన దారం లాగాలి. 9 మీటర్ల పడవైతే 60 సెంటీమీటర్లకొకటి చొప్పున 16 గుర్తులు పడతాయి. ప్రతి గుర్తు దగ్గర తూకం గుండు వేలాడదీసి, ఎత్తులో 15 సెంటీమీటర్లకొకసారి దారం నుంచి పలక దాకా అడ్డకొలత తీయాలి. పొరపాటు జరిగేది ఎక్కువగా ఇక్కడే: ఇసుకలో ఓ పక్కకు ఒరిగిన పడవను ఒరిగినట్టే కొలిస్తే రెండు పక్కలూ కలవవు. మధ్యలో మాత్రమే దిమ్మె పెడితే పాత పడవ కొసలు కిందికి జారతాయి, ఆ వంకర నక్షాలోకి ఎక్కుతుంది. తెరచాపను ఆరాకే పరిచి కొలవాలి. ఒక జానెడు కుట్టు, ఒక మేకు, చేతి వెడల్పు చెక్కముక్క సంచిలో వేసి నంబరు రాయాలి. ఒక్కో భాగాన్ని ఏమంటారో కట్టిన వడ్రంగి నోటనే, ఆయన మాటలోనే రికార్డు చేయాలి. ఈ పని వాయిదా వేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ వడ్రంగులు పెద్దవాళ్లయిపోయారు.

ఒకటి రెండు పడవలను ప్రదర్శనకు ఉంచదలిస్తే ఆరుబయట సిమెంటు దిమ్మె మీద పెట్టి రంగు వేయించవద్దని మనవి. ఎండకు పలకలు ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి, వాననీరు నిలిచి అడుగు కుళ్లుతుంది, ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. పైకప్పు ఉండి పక్కలు తెరిచిన పాక, అడుగున నీరు పోయే రంధ్రం, పొడవునా నాలుగైదు చోట్ల ఆధారం చాలు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. గ్రామ మత్స్య సహాయకులు ఊళ్లలోనే ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఓడల నిర్మాణం చదివే విద్యార్థులను తోడుగా ఇస్తే పని సాగుతుంది. రిజిస్ట్రేషన్ రద్దు దరఖాస్తుకు ఒక పుట జతచేయండి: పాత, కొత్త నంబర్లు, కట్టిన ఏడు, ఊరు, వడ్రంగి, యజమానుల వరుస, చెక్క రకం, మార్చిన ఇంజన్లు. ఆ పుట నింపి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాకే రద్దు చేసేలా ఉత్తర్వు ఇప్పించండి. దీనికోసం మత్స్యకారుడి నుంచి రుసుము తీసుకోవద్దు, రాయితీ ఆపవద్దు. ఆలస్యం శాఖదైతే 15 రోజుల తర్వాత రద్దు దానంతటదే అమలయ్యేలా చూడండి. వచ్చే వేట నిషేధం మొదలయ్యేలోగా ఉత్తర్వు వెలువడితే, మొదటి విడత కొలతలు ఉప్పాడ ఒడ్డునే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
కాకినాడ తీరపు పాత పడవల గురించి పట్టించుకునే కొందరు