తుప్పు వారంటీ చిల్లు పడ్డాకేనా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో పికప్ ట్రక్కులు నడిపే తెలుగువాళ్లలో మీ పత్రికను ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా. కంపెనీ పేరు మీద నమ్మకంతో మనం తుప్పు వారంటీ కాగితం చదవకుండా సంతకం పెట్టేస్తున్నాం. అక్కడితో ఆగడం లేదు, పక్కవాడి బండికి తుప్పు పట్టిందంటే "నువ్వు సరిగ్గా కడిగి ఉండవు" అంటూ కంపెనీ తరఫున మనమే వాదిస్తున్నాం. ఇది మానుకోవాలి, ఎందుకో చెబుతాను.

కొత్త ట్రక్కు కొనేటప్పుడు షోరూమ్‌లో "తుప్పుకి అయిదేళ్లు, ఎన్ని మైళ్లు తిప్పినా ఫర్వాలేదు" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. పుస్తకం తెరిచి చూస్తే అక్కడ ఉన్నది తుప్పు గురించి కాదు, చిల్లు గురించి. అంటే తుప్పు రేకును పూర్తిగా తినేసి, ఈ వైపు నుంచి ఆ వైపుకు రంధ్రం పడితేనే వాళ్లు బాగుచేసిస్తారు. పెయింటు కింద పొక్కులు లేచినా, అంచులు ఎర్రబడినా, పెచ్చులు ఊడి రాలుతున్నా అది లెక్కలోకి రాదు. ఫోర్డ్ లాంటి చోట అల్యూమినియం రేకులకు మాత్రం చిల్లు పడాలనే షరతు లేదు, కానీ ఉక్కు రేకులకు ఉంది. పైగా ఈ వారంటీ చాలావరకు బాడీ రేకుల కోసం రాసింది. కింద బండి బరువంతా మోసే ఫ్రేము అందులోకి వస్తుందా రాదా అన్నది విడిగా వెతుక్కోవాలి, అమ్మేవాళ్లు ఎవరూ తమంతట తాము చెప్పరు.

నా ట్రక్కును ఒక సర్వీస్ సెంటర్‌లో లిఫ్ట్ ఎక్కించినప్పుడు ఫ్రేము మీద పెచ్చులు లేచి ఉండటం చూసి, ఈ విషయం రిపోర్టులో రాసిమ్మని అడిగాను. "పైపై తుప్పే సార్, ఈ ఊళ్లలో మామూలే" అని నోటిమాటగా చెప్పారు తప్ప కాగితం మీద ఒక్క ముక్క పెట్టలేదు. గడువు దాటిపోయాక అదే చోట సుత్తితో తట్టి చూసి, ఇక ఇది కంపెనీ చూడదు, సొంత డబ్బుతో చేయించుకోవాల్సిందే అన్నారు. నాకు కోపం వచ్చింది తుప్పు మీద కాదు. ఉప్పు చల్లే రోడ్ల మీద ఉక్కు తుప్పు పట్టడం ఎవరూ ఆపలేరు. గడువు లోపల "ఏం కాదు" అన్న నోరే గడువు దాటాక "ఏం చేయలేం" అంటే ఇంకెవరికి చెప్పుకోవాలి?

అసలు ఫ్రేము లోపలి నుంచే ఎందుకు పోతుందో తెలిస్తే "కడగలేదు" అన్న వాదన ఎంత తేలికైనదో అర్థమవుతుంది. చాలా ట్రక్కుల ఫ్రేములో కొన్ని భాగాలు నాలుగు వైపులా మూసిన పెట్టెలా ఉంటాయి. రోడ్డు మీది ఉప్పునీళ్లు, బురద వాటిలోకి చేరతాయి, బయటికి పోయే రంధ్రాలు చిన్నవి, అవి కూడా మట్టితో పూడుకుపోతాయి. ఇప్పుడు రోడ్ల మీద మామూలు ఉప్పుతో పాటు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు కూడా చల్లుతున్నారు, వాటికి గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది, అందుకే రోడ్డు పొడిగా కనిపించిన రోజు కూడా ఫ్రేము లోపల తడి ఆరదు. పైగా చల్లటి రోడ్ల మీద తిరిగొచ్చిన బండిని వెచ్చటి గ్యారేజీలో పెడితే తుప్పు ఇంకా వేగం అందుకుంటుంది, మంచు కరిగి, ఆ ఉప్పునీళ్లు వెచ్చగా రాత్రంతా ఉక్కు మీద పనిచేస్తాయి. ఫ్యాక్టరీలో లోపలి గోడలకు పూత సరిగ్గా అంటకపోతే యజమాని ప్రతి వారం బయట నుంచి కడిగినా అది లోపలికి చేరదు.

ఇది ఊహ కాదు, టయోటా విషయంలో జరిగింది. 1995 నుంచి 2000 వరకు వచ్చిన టకోమా ట్రక్కుల ఫ్రేములు కుళ్లిపోతున్నాయని యజమానుల ఫిర్యాదులు పేరుకుపోయాక, 2008లో ఆ కంపెనీ ఫ్రేము తుప్పు వారంటీని 15 ఏళ్లకు పెంచింది. బాగుచేయడానికి వీల్లేనంత దెబ్బతిన్న బండ్లను కెల్లీ బ్లూ బుక్ (పాత బండ్ల మార్కెట్ ధరలు చెప్పే సంస్థ) ధరకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి తీసుకుంది. తర్వాత 2001-2004 మోడళ్లకూ ఇలాంటి ఏర్పాటు చేసింది. 2009లో అదే కంపెనీ పెద్ద పికప్‌లైన 2000-2003 టుండ్రాలను చలి రాష్ట్రాల్లో వెనక్కి పిలిపించారు, కారణం ఏమిటంటే వెనక అడ్డపట్టీ తుప్పు పట్టి, దానికి కింద వేలాడే స్పేర్ టైరు రోడ్డు మీద ఊడిపడే ప్రమాదం ఉంది. వెనకాల వస్తున్న కారులో ఉన్నవాళ్ల సంగతి ఒక్కసారి ఆలోచించండి. ఆ తర్వాత 2016లో 2005-2010 టకోమా, 2007-2008 టుండ్రా, 2005-2008 సెకోయా ఎస్‌యూవీ యజమానులు వేసిన దావాలో ఒప్పందం కుదిరింది, దాదాపు 15 లక్షల బండ్లు దాని పరిధిలోకి వచ్చాయి, దాని విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని అంచనా వేశారు. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ ఆ ఒప్పందానికి వచ్చింది.

ఇందులో నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి. ఆ టకోమా ఫ్రేముల తయారీదారు డానా అనే సరఫరా కంపెనీ. టయోటా ఇంజిన్ ఎన్ని లక్షల మైళ్లయినా లాగుతుందన్న పేరు నిజమే కావచ్చు, ఆ పేరు వాళ్లు సంపాదించుకున్నదే. కానీ ఇంజిన్ మీద నమ్మకాన్ని మనం తెలియకుండానే ఇంకొకళ్లు చేసిన ఉక్కు మీదికి కూడా జరిపేస్తాం. ఇంజిన్ గుర్రంలా ఉన్న బండ్లు ఫ్రేము విరిగి తుక్కుకి పోయాయంటే అందుకే.

సరే, టయోటా చివరికి డబ్బు పెట్టింది. జనరల్ మోటార్స్ (జీఎం) బండ్ల యజమానులకు ఆ మాత్రం కూడా దక్కలేదు. 1999-2003 మధ్య వచ్చిన వాళ్ల పెద్ద పికప్‌లు, ఎస్‌యూవీల్లో బ్రేకు గొట్టాలు తుప్పు పట్టి పగిలిపోతున్నాయని ఫిర్యాదులు వస్తే ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఏళ్ల తరబడి దర్యాప్తు చేసి, 2015 ఏప్రిల్‌లో ఇది తయారీ లోపం కాదు, వయసు మీద పడిన అరుగుదల అని మూసేసింది. బండి అడుగు భాగం కడుక్కోండి, గొట్టాలు చూపించుకోండి అని సలహా ఇచ్చింది. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తగిలే పరిస్థితిని అరుగుదల అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంత జరిగినా యజమానులం ఏం చేస్తున్నాం? ఫోర్డ్ వాళ్లు, షెవర్లే వాళ్లు, టయోటా వాళ్లు అని జట్లు కట్టి కొట్టుకుంటున్నాం. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కి అల్యూమినియం బాడీ వచ్చింది, మరుసటి ఏడాదే జీఎం బ్రాండ్ షెవర్లే దాని మీద రాళ్లు పోసి చిల్లులు పడతాయని ప్రకటనలు తీసింది, యజమానులు వాటిని పట్టుకుని నెలల తరబడి వాదించుకున్నారు. ఆ రెండు బండ్లకీ ఫ్రేము ఉక్కుదే అన్న సంగతి ఆ గోలలో ఎవరికీ పట్టలేదు. బ్రాండ్ మీద అభిమానం ఉండటం తప్పని నేననను. ఒకటిన్నర రెట్లు డబ్బు తీసుకుని మళ్లీ టకోమానే కొన్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లకు అలా కొనడానికి కారణం ఉంది, కంపెనీ వాళ్ల మాట విన్నది. కానీ కంపెనీ విన్నది ఫిర్యాదు చేసినవాళ్లున్నారు కాబట్టే. "మా బ్రాండ్ పరువు పోతుంది" అని అందరూ నోరు మూసుకుని ఉంటే ఆ 15 ఏళ్లు వచ్చేవి కావు.

అందుకని ట్రక్కు ఉన్నవాళ్లు ఏటా చలికాలం ముగియగానే అడుగు నుంచి ఫోటోలు తీయించుకోండి, తేదీ పడేలా. తుప్పు కనిపిస్తే రిపోర్టులో రాయించుకోండి, రాయనంటే ఆ మాటే ఈమెయిల్‌లో మీరే రాసి పంపండి, వారంటీ గడువు దాటకముందే. చలికాలానికి ముందు ఫ్రేము లోపల కూడా నూనె లేదా లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) పూత స్ప్రే చేయించండి, గట్టిపడే రబ్బరు పూత వద్దు, అది పగిలిన చోట తడిని లోపల బంధిస్తుంది. బయట సర్వీసు చేయించుకుంటే వారంటీ మొత్తం పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి, 1975 నుంచి అమల్లో ఉన్న మాగ్నసన్-మాస్ అనే అమెరికా వారంటీ చట్టం ప్రకారం అది చెల్లదు. పాత ట్రక్కు కొనేవాళ్లయితే పెయింటు మెరుపు చూసి డబ్బు ఇవ్వకుండా స్పేర్ టైరు దింపించి, దాని వెనకున్న అడ్డపట్టీని సుత్తితో తట్టి చూడండి. ఖంగుమనే శబ్దం రావాలి, మొద్దు శబ్దం వస్తే, పెచ్చులు రాలితే ఆ బండి వదిలేయండి.

మీకూ ఒక విన్నపం. మీ వాహనాల పేజీలో కొత్త ట్రక్కు వచ్చిన ప్రతిసారీ హార్స్ పవర్, స్క్రీన్ సైజు, మైలేజీ వేస్తారు. వాటి పక్కన ఇంకో మూడు వరుసలు వేయండి, తుప్పు వారంటీ ఎన్నేళ్లు, చిల్లు పడితేనా ముందేనా, ఫ్రేము అందులో ఉందా లేదా. కంపెనీ సమాధానం ఇవ్వకపోతే ఇవ్వలేదనే వేయండి.

ఇట్లు,
అమెరికా నుంచి ఒక పాఠకుడు