యాప్ తయారయ్యాక కాదు, తయారవుతుండగానే టీచర్లకు చూపించండి

సంపాదకులకు నమస్కారం.

యాప్‌లతో వేగలేకపోతున్నామని అంగన్‌వాడీ టీచర్లు ధర్నాల్లో చెబుతున్న వార్తలు జిల్లా పేజీల్లో తరచూ చదువుతున్నాను. శిక్షణ ఇస్తాం, అలవాటైతే అదే సర్దుకుంటుంది అన్న జవాబూ ఎన్నోసార్లు విన్నదే. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా వదిన నల్గొండ జిల్లాలో అంగన్‌వాడీ టీచర్. రెండు వైపులా చూస్తున్నదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. లోపం టీచర్ల అలవాటులో లేదు, యాప్ తయారుచేసే పద్ధతిలో ఉంది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వదిన పక్కన కూర్చుని ఆమె పని చూశాను. మొదటి పేజీలో పిల్లవాడి పేరు, తల్లి పేరు. రెండో పేజీలో బరువు, ఎత్తు. మూడో పేజీలో ఫొటో. ఫొటో ఎక్కుతుండగా సిగ్నల్ పోయిందంటే మూడు పేజీలూ ఖాళీ అయిపోయి మళ్లీ మొదటికొస్తుంది. బరువు గడిలో చుక్క పెట్టాలంటే కీబోర్డు మార్చుకోవాలి. తొందరలో చుక్క పడక 11.4 కిలోలు కాస్తా 114 అయితే, యాప్ ఏమీ అడగకుండా తీసేసుకుంది. రెండేళ్ల పిల్లవాడికి 114 కిలోలు! వదిన ఇప్పుడు అన్నీ ముందు నోటుబుక్కులో రాసుకుని, సాయంత్రం మేడమీద సిగ్నల్ దొరికేచోట నిలబడి ఒక్కొక్కటీ ఫోన్లోకి ఎక్కిస్తోంది. పని తగ్గించడానికి వచ్చిన యాప్ ఆమె పనిని రెట్టింపు చేసింది. తయారీ మొదలైన మొదటి నెలలో ఎవరైనా ఒక్క సెంటర్లో ఒక్క పూట కూర్చుని ఉంటే ఈ మూడు లోపాలూ అక్కడే బయటపడేవి.

సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ జబ్బుకు మందు ఎప్పుడో కనిపెట్టారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కలిసి ఎజైల్ మ్యానిఫెస్టో రాశారు. సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న ముక్కలుగా కట్టి, వాడేవారికి చూపిస్తూ దిద్దుకుంటూ పోయే పద్ధతికి ఎజైల్ అని పేరు. కెంట్ బెక్, కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ వారిలో ఉన్నారు. అంతకుముందు చాలాచోట్ల జరుగుతున్నది ఏమిటంటే, కావలసినవన్నీ మొదటే లావుపాటి డాక్యుమెంటులో రాసి సంతకాలు చేయించుకుని, ఏడాదో రెండేళ్లో కట్టి, చివర్లో ఒకేసారి అప్పగించడం. అప్పటికి అవసరాలు మారిపోయేవి, తప్పులు దిద్దడం తలకు మించిన ఖర్చయ్యేది. డాక్యుమెంటు కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యం, ఒప్పందం మీద వాదన కంటే వాడేవారితో కలిసి పనిచేయడం ముఖ్యం అని ఆ 17 మంది తేల్చారు. డాక్యుమెంట్లే వద్దని మాత్రం అనలేదు. ఈ తేడా మన ఐటీ కంపెనీల్లోనూ కొందరికి పట్టదు. రోజూ పొద్దున పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటే ఎజైల్ అయిపోయినట్టే అనుకుంటారు.

మా టీమ్‌లో పనిని రెండేసి వారాల విడతలుగా చేస్తాం, ఒక్కో విడతను స్ప్రింట్ అంటాం. చేయాల్సిన పనులన్నీ బ్యాక్‌లాగ్ అనే జాబితాలో ఉంటాయి. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చే బాధ్యత ప్రొడక్ట్ ఓనర్‌ది. ఆ పని ఒక్కరిదే, కమిటీది కాదు. రెండు వారాల్లో అయ్యేంత పని టీమే తీసుకుంటుంది. కోడ్ రాసేశాం అంటే పని అయినట్టు కాదు, టెస్టింగ్ కూడా ముగిసి వాడుకోవడానికి సిద్ధంగా ఉంటేనే అయినట్టు. స్ప్రింట్ చివర్లో ఆ ముక్కను వాడేవాళ్ల ముందు పెడతాం. వాళ్లు మొహం చిట్లిస్తే మాకు అప్పుడే తెలిసిపోతుంది, దిద్దడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అదే తప్పు ఏడాది తర్వాత బయటపడితే దాని మీద కట్టిన పది పేజీలనూ కదిలించాలి.

చివరిదాకా ఆగితే ఏమవుతుందో అమెరికా ప్రభుత్వమే చూసింది. 2013 అక్టోబర్ 1న ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్.గవ్ వెబ్‌సైట్ తెరిస్తే, మొదటి రోజు నమోదు పూర్తిచేయగలిగింది ఆరుగురు మాత్రమే. మొదటి నుంచి చివరి దాకా కలిపి చేసే టెస్టింగ్‌ను అంతకు ముందు రెండు వారాల్లోనే మొదలుపెట్టారని కాంట్రాక్టర్లు తర్వాత అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీ ముందు చెప్పారు. బ్రిటన్ మరో దారి పట్టింది. 2011లో గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అనే విభాగం పెట్టుకుంది. ప్రభుత్వ సేవలను ముందు ఆల్ఫాగా (తొలి నమూనాగా), తర్వాత బీటాగా (ఇంకా మెరుగుపరుస్తున్న రూపంగా) జనంతో వాడించి చూస్తూ కట్టాలన్నది అక్కడి పద్ధతి.

టెండర్లో అన్నీ ముందే రాయకపోతే ఆడిట్‌లో ఇరుక్కుంటామన్నది అధికారుల భయం. ఆ భయం నిజమైనదే, కొట్టిపారేయను. కానీ గడువు, డబ్బు, చేరాల్సిన ఫలితం ఖాయం చేసి, ఏ పేజీ ఎలా ఉండాలన్నది దారిలో తేల్చుకునే వీలును టెండర్లోనే రాసుకోవచ్చు. రెండు వారాలకోసారి వేర్వేరు మండలాల టీచర్లు కొందరు తమ ఫోన్లలోనే వాడి చూడాలి. బిల్లుల చెల్లింపును డాక్యుమెంట్లకు కాకుండా వాళ్ల చేతిలో పనిచేసిన భాగాలకు ముడిపెట్టాలి. టీచర్ల మాట విని అక్కడికక్కడే ఔనో కాదో చెప్పగల అధికారిని ఒకరిని శాఖ తరఫున నియమించాలి. రాష్ట్రమంతా ఒకేరోజు రుద్దకుండా ముందు ఒక మండలంలో, నెల మొదట్లో అందరూ బరువులు ఎక్కించే రోజుల్లోనే నడిపి చూడాలి.

ఇప్పటికే వాడుకలో ఉన్న యాప్‌ల సంగతి కొత్త టెండరు దాకా ఆగక్కర్లేదు. ప్రతి స్ప్రింట్ తర్వాత మేం రెట్రో అని కూర్చుంటాం. ఏది బాగా జరిగింది, ఏది విసిగించింది, వచ్చేసారి ఏం మారుస్తాం అని మాట్లాడుకుంటాం. అంగన్‌వాడీలకు నెలనెలా సెక్టార్ మీటింగ్ ఎలాగూ ఉంటుంది. అందులో అరగంట యాప్ కోసం కేటాయించి, కంపెనీ మనిషిని కూర్చోబెట్టి, టీచర్లు చెప్పిన వాటిలో వచ్చే నెలకల్లా ఏవి దిద్దుతారో అక్కడే రాయించాలని మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులను కోరుతున్నాను. మొదట రాయాల్సింది సిగ్నల్ పోయినా నమోదు చేసినది ఫోన్లోనే నిలిచి ఉండాలన్నది.

– ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్, మియాపూర్, హైదరాబాద్