బాబును చూడటానికి వచ్చే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. చెల్లి, బాబు బాగానే ఉన్నారు, టెన్షన్ పడకండి. కానీ 33 వారాలకే పుట్టాడు కాబట్టి ఇంకొన్ని రోజులు ఎన్‌ఐసీయూలోనే (అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూ) ఉంటాడు, దయచేసి ఎవరూ గుంపుగా రావద్దు. నెలలు నిండని పిల్లలకి చర్మం పల్చగా ఉంటుంది, తల్లి నుంచి అందాల్సిన రక్షణ కూడా పూర్తిగా అంది ఉండదు, పైగా చేతికి సెలైన్ సూది. క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ లాంటి ఆసుపత్రి క్రిములు చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగవు, అవి ఎక్కువగా మన చేతుల మీదుగానే పిల్లల దాకా వెళ్తాయి. నర్సుగా నేను రోజూ భయపడేది దీనికే.

లోపలికి వెళ్లేవాళ్లు గాజులు, ఉంగరాలు, వాచీ తీసేసి 40 నుంచి 60 సెకన్లు సబ్బుతో చేతులు రుద్ది కడుక్కోవాలి. మధ్యలో ఫోన్ ముట్టుకుంటే మళ్లీ కడుక్కోవాల్సిందే, ఇది దాదాపు అందరూ మర్చిపోతారు. జలుబు ఉంటే అసలు రావద్దు.

అత్తయ్యా, తేనె నాకించడం, బొడ్డుకి పసుపు పెట్టడం వద్దండీ, బొడ్డు పొడిగా ఉంటే చాలు. చెల్లి పాలు పిండి ఇస్తోంది, ఇప్పుడు వాడికి అంతకు మించిన మందు లేదు. బావగారూ, డాక్టరైనా నర్సైనా చేతులు శుభ్రం చేసుకోకుండా బాబుని ముట్టుకోబోతే మొహమాటపడకుండా అడగండి. ఫోటోలు సాయంత్రం నేనే పెడతాను.