ఇంటి అవసరానికి 58 సీసీ చైన్ సా ఇక అమ్మను

నల్లగొండ దేవరకొండ రోడ్డులోని మా షాపుకు వచ్చే అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్కారం. పంపు మోటార్లు, స్ప్రేయర్లు, కోత మిషన్లు అమ్ముతూ, బాగుచేస్తూ పదకొండేళ్లుగా మీ మధ్యే ఉన్నాను. ఈ వానాకాలం నుంచి రెండు మార్పులు చేస్తున్నాను. ఇంట్లో వాడుకోవడానికి అడిగేవాళ్లకు 22 అంగుళాల బార్ (చైను తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న 58 సీసీ చైన్ సా, అంటే కట్టె కోసే రంపం మిషన్, ఇవ్వను. అలాగే ఏ చైన్ సా అయినా డబ్బాతో సహా చేతిలో పెట్టి పంపడం ఉండదు. షాపు వెనుక కట్టె కోసి, ట్యూన్ చేశాకే ఇస్తాను. గత రెండేళ్లలో నా దగ్గర ఆ పెద్ద మిషన్ కొన్నవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. మీకు కారణం చెప్పాల్సిన బాధ్యత నాది.

మే నెలలో గాలిదుమారం వచ్చిన వారం తర్వాత నకిరేకల్ వైపు నుంచి ఒక రిటైర్డ్ సారు మిషన్ పట్టుకొచ్చారు. వాకిట్లో వేపచెట్టు కొమ్మ విరిగి రేకుల మీద పడిందట. "నాయనా, ఐదు ట్యాంకులన్నా పోయలే. అప్పుడే పట్టేసింది" అన్నారు. మాటలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. సైలెన్సర్ రెండు బోల్టులు విప్పి, లైటు వేసి లోపలికి చూశాను. కొత్త పిస్టన్ అద్దంలా నునుపుగా ఉండాలి. దీని మీద పైనుంచి కిందికి గోళ్లతో గీకినట్టు చారలు. అల్యూమినియం కరిగి బోరుకు అంటుకుంది. ఇంజన్‌కు పెట్రోల్ తక్కువై, గాలి ఎక్కువై వేడెక్కితే కనిపించే గుర్తు అది.

సారు తప్పేమీ లేదు. ఆయిల్ కలిపే పోశారు. ఆ మిషన్ డబ్బాలో ఎలా వచ్చిందో అలాగే ఇచ్చింది నేను. ఐదున్నర వేలకు వస్తోందని, పెద్ద బార్ చూసి జనం ఇష్టపడుతున్నారని వరసగా అమ్మాను. ఒక్కదానికీ కార్బరేటర్ (ఇంజన్‌కు పెట్రోల్, గాలి కలిపి ఇచ్చే భాగం) సెట్ చేసి ఇవ్వలేదు. సారుకు బోరు, పిస్టన్ నా ఖర్చుతో మార్చాను. ఆ తర్వాత పాత బిల్లుల పుస్తకం తీసి, కొన్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఇంకా సగం మందికి చేయాల్సి ఉంది.

ముందు మిషన్ ఎంచుకునే విషయం. మన ఇళ్లలో కోసేది ఏమిటి? వేప కొమ్మలు, ఎండిన చింత మండలు, కంచె పక్కన పెరిగిన సర్కారు తుమ్మ, గట్ల మీద సుబాబుల్. చాలావరకు తొడంత లావు లోపలివే. వాటికి 14 అంగుళాల బార్, ఎక్కువంటే 16 అంగుళాలు చాలు. బార్ కన్నా లావైన దుంగ వస్తే రెండు వైపుల నుంచీ కోయొచ్చు. 22 అంగుళాల బార్ పెట్టుకుంటే పని పెరగదు, చేతి బరువే పెరుగుతుంది. చైను పొడుగు పెరిగినకొద్దీ పదును పట్టాల్సిన పళ్లూ పెరుగుతాయి.

బరువు దగ్గర ఒక కిటుకు ఉంది. డబ్బా మీద రాసేది చాలాసార్లు ఉత్త ఇంజన్ బరువు. బార్, చైను, పెట్రోల్, చైను ఆయిల్ అందులో ఉండవు. అన్నీ నింపి మా షాపు కాటా మీద పెడితే 58 సీసీ మిషన్ ఏడు కిలోలు దాటింది. స్టిల్ కంపెనీ 170, 180 రకాలు 30, 32 సీసీ దగ్గరవి, ఇంజన్ సుమారు 4 కిలోలు. అన్నీ నింపితే ఐదు కిలోల పైచిలుకు. హస్క్‌వర్నా కంపెనీ 120 మార్క్ 2 కూడా ఇంటికి సరిపోయేదే, 38 సీసీ, ఉత్త ఇంజన్ 5 కిలోల లోపే. ఈ రెండు కిలోల తేడా షాపులో ఎత్తి చూస్తే తెలియదు. అరగంట వంగి కోశాక నడుముకు తెలుస్తుంది. చేతులు అలిసినప్పుడే బార్ కొస కట్టెకు తగిలి మిషన్ మొహం మీదికి ఎగిరేది.

స్టిల్, హస్క్‌వర్నా ఖరీదు ఎక్కువే, ఆ 58 సీసీ చైనా మిషన్ కన్నా చాలా ఎక్కువ పడుతుంది. అంత పెట్టలేనివాళ్లు నన్ను అడగండి, చిన్న బార్ ఉన్న తక్కువ సీసీ రకాలు కొన్ని తెప్పిస్తున్నాను. ఇంటి వాకిట్లో, వైరు అందే దూరంలోనే పని అయితే కరెంటుతో నడిచే చైన్ సా తీసుకోండి. దానికి కార్బరేటర్ ఉండదు, పెట్రోల్ కలిపే పని లేదు, ధర తక్కువ, గోల తక్కువ. నాకు సర్వీసు పని రాదు, అయినా సరే, ఏడాదికి నాలుగుసార్లు వాడేవాళ్లకు అదే మంచిదని నా నమ్మకం. తడి నేల మీద మాత్రం వద్దు. బత్తాయి తోటల రైతులు అడిగే బ్యాటరీ మిషన్, ఆరు అంగుళాల బార్ ఉన్నది, ఎండు పుల్లలు, నీటి కొమ్మలు తీయడానికి బాగుంటుంది. కోసినచోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన పూత) పూయడం మర్చిపోకండి. ఈ బ్యాటరీ మిషన్‌తో వేప మొద్దు కోయబోతే మోటారు కాలుతుంది.

ఇక ట్యూనింగ్. పిస్టన్ ప్రాణం దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పెట్రోల్ చైన్ సాలో ఉండేది టూ స్ట్రోక్ ఇంజన్, అందులో ఆయిల్‌కు వేరే దారి లేదు. పెట్రోల్‌తో పాటే లోపలికి పోవాలి. కాబట్టి కార్బరేటర్ పెట్రోల్ తక్కువ ఇస్తే ఆయిల్ కూడా తక్కువే అందుతుంది. వేడి పెరుగుతుంది, తడి తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. అంటే అదే స్క్రూ సెట్టింగ్‌కు ఇంజన్ లోపల గాలి పాలు ఎక్కువైనట్టే లెక్క. చాలా చైన్ సాల పుస్తకాల్లో ఇథనాల్ 10 శాతం వరకే అని రాసి ఉంటుంది. పాత పెట్రోల్ లెక్కన సెట్ చేసి వచ్చిన మిషన్‌లో ఈ పెట్రోల్ పోసి, మళ్లీ సెట్ చేయకుండా వాడితే సారు మిషన్‌కు జరిగిందే జరుగుతుంది.

కార్బరేటర్ పక్కన మూడు స్క్రూలు ఉంటాయి. ఎల్ అని ఉన్నది స్లోలో పెట్రోల్ పాళ్లకు. హెచ్ అని ఉన్నది ఫుల్ రేస్‌లో పెట్రోల్ పాళ్లకు. ఎల్ఏ, కొన్నింటి మీద టి అని ఉన్నది స్లో స్పీడుకు. మొదట ఎయిర్ ఫిల్టర్ కడిగి ఆరబెట్టాలి. మన ఎర్రదుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్ పెట్టి ట్యూన్ చేస్తే, ఫిల్టర్ మార్చిన రోజు అంతా తప్పవుతుంది. తర్వాత ఎల్, హెచ్ రెండింటినీ కుడివైపు తిప్పుతూ మెల్లగా ఆగేదాకా మూసి, తిరిగి ఒక్కో చుట్టు తెరవాలి. గట్టిగా బిగిస్తే లోపలి సూది మొన చెడిపోతుంది, ఆ కార్బరేటర్ ఇక కుదరదు. మిషన్ స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వాలి.

స్లోలో ఉంచి ఎల్ స్క్రూను అటూ ఇటూ తిప్పితే ఒకచోట ఇంజన్ బాగా చురుగ్గా తిరుగుతుంది. అక్కడి నుంచి ఎడమవైపు ఇంకొంచెం, చుట్టులో ఎనిమిదో వంతు తెరవండి. రేస్ నొక్కగానే తడబడకుండా అందుకోవాలి. అందుకునేటప్పుడు ఊపిరి ఆడనట్టు ఆగితే ఇంకా కొంచెం తెరవండి. స్లోలో చైను తిరుగుతూ ఉంటే ఎల్ఏ ఎడమవైపు తిప్పి, చైను పూర్తిగా ఆగేదాకా తగ్గించాలి. చైను ఆగని మిషన్‌ను చేతిలో పట్టుకొని నడవకండి.

హెచ్ స్క్రూను మాత్రం చెవితోనే సెట్ చేయాలి. కట్టెలో పెట్టకుండా రెండు మూడు సెకన్లు ఫుల్ రేస్ ఇవ్వండి, అంతకన్నా ఎక్కువసేపు వద్దు. కీచుమని సన్నగా, శుభ్రంగా ఏడుస్తున్నట్టు వినిపిస్తే పెట్రోల్ చాలడం లేదు, ఎడమవైపు తెరవాలి. కొంచెం బొంగురుగా, బుర్రుబుర్రుమంటూ వినిపించాలి. అదే మిషన్‌ను దుంగలో దింపగానే ఆ బొంగురు పోయి గొంతు తేటపడాలి. కట్టెలోనూ బొంగురుగానే ఉండి, తెల్లపొగ కమ్మి, బలం లేకపోతే ఎక్కువ తెరిచారని అర్థం. కొత్తగా చేసేవాళ్లు కీచు గొంతు వినగానే "అబ్బ, ఎంత స్పీడు" అని సంతోషపడతారు. నేనూ పని నేర్చుకునే రోజుల్లో అలాగే అనుకున్నాను. ఆ స్పీడే పిస్టన్‌ను తినేస్తుంది. స్టిల్ 170, 180 రకాల్లో చాలావాటికి హెచ్ స్క్రూ ఉండదు, జెట్ (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) ఫ్యాక్టరీలోనే బిగించి ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ విప్పకండి.

కాలాన్ని బట్టి కూడా తేడా వస్తుంది. మే నెల ఎండలో గాలి పలచగా ఉంటుంది, డిసెంబరు పొద్దుటి చలిలో చిక్కగా ఉంటుంది. ఎండకాలంలో సరిగ్గా సెట్ చేసిన మిషన్‌కు చలికాలంలో పెట్రోల్ కాస్త చాలదు. అందుకే ఏడాదికి రెండుసార్లు చెవి పెట్టి వినండి. ఎంత తిప్పినా స్లో నిలకడగా లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉంటే, రేస్ వదిలినా స్పీడు దిగకపోతే, స్క్రూలతో పని కాదు. ఎక్కడో గాలి లాగుతోంది. పెట్రోల్ పైపు, కార్బరేటర్ రబ్బరు, సీళ్లు చూడాలి. ఇథనాల్‌కు పాత రబ్బరు పైపులు, డయాఫ్రంలు (కార్బరేటర్ లోపలి పలచటి పొరలు) గట్టిపడి పగలడం ఈ ఏడాది ఎక్కువగా చూస్తున్నాను.

ఆయిల్ పాళ్లు మిషన్ పుస్తకంలో ఉన్నట్టే కలపండి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. మూతతో అంచనాగా పోయకండి, మందుల షాపులో దొరికే సిరంజి పది రూపాయలు. "ఆయిల్ ఎక్కువైతే మంచిదే కదా" అని చాలామంది అంటారు. ఆయిల్ పెరిగితే ఆ మేరకు పెట్రోల్ తగ్గుతుంది, మళ్లీ పలచబడ్డట్టే. టూ టీ (టూ స్ట్రోక్ ఆయిల్) డబ్బా మీద జాసో ఎఫ్‌డి అనే నాణ్యత గుర్తు ఉందో లేదో చూసుకోండి. కలిపిన పెట్రోల్ నెల దాటితే వాడొద్దు. ఇథనాల్ తేమను పీలుస్తుంది, తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగున చేరతాయి. ట్యాంకులో పైపు కొస ఉండేది అడుగునే. నెల రోజులు వాడేది లేదంటే ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ తానే ఆగేదాకా తిప్పి పెట్టండి.

చైను ఆయిల్ ట్యాంకులో కాలిన ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లు మన దగ్గర ఎక్కువ. అందులోని ఇనుప రజను ఆయిల్ పంపును, బార్ గాడిని అరగదీస్తుంది. ఆ చిట్లే ఆయిల్ మీ మొహం మీదే పడుతుంది. పెట్రోల్ నింపిన ప్రతిసారీ చైను ఆయిల్ కూడా నింపాలి, ఇది అలవాటు చేసుకోండి.

"మిషన్‌లో బలం లేదు" అని వచ్చేవాటిలో చాలావాటికి అసలు ఇంజన్ జబ్బే ఉండదు, చైను మొండిబారి ఉంటుంది. పేళ్లు పేళ్లుగా వస్తే పదును ఉన్నట్టు, పిండిలా రజను వస్తే పోయినట్టు. ఎండిన తుమ్మ చైనును త్వరగా మొండి చేస్తుంది. నేల మీద మట్టి అంటిన దుంగ ఇంకా త్వరగా చేస్తుంది. ఇంటి వేపచెట్టుకైతే దండెం కట్టిన పాత మేకు బెరడు లోపల ఎక్కడో దాగి ఉంటుంది, కోసే ముందు చూడండి. గుండ్రటి ఆకురాయి ఒకటి కొనుక్కోండి. చిన్న మిషన్ల లో ప్రొఫైల్ చైనుకు 4 మిల్లీమీటర్లది, పెద్ద మిషన్ల 325 చైనుకు 4.8 మిల్లీమీటర్లది. 30 డిగ్రీల వాలులో, లోపలి నుంచి బయటికి, ప్రతి పంటికీ ఒకే లెక్కన మూడు తోపులు. చైనును బార్ మధ్యలో పట్టి పైకి లాగితే కింది పళ్లు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు, వదిలితే టక్కున సర్దుకోవాలి. కొత్త చైను మొదటి గంటలో సాగుతుంది, మధ్యలో ఆపి బిగించండి.

నిచ్చెన మీద నిలబడి, ఒంటి చేత్తో కోయకండి. కరెంటు తీగలకు దగ్గరి కొమ్మ అయితే లైన్‌మన్‌ను పిలిచి సప్లై ఆపించాకే. కొమ్మలు తీయడం వేరు, చెట్టు మొత్తం కొట్టడం వేరు. దానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, ముందు అటవీ శాఖ వాళ్లను అడగండి.

నా దగ్గర 58 సీసీ కొన్నవాళ్లందరికీ దసరా దాకా ట్యూనింగ్, పెట్రోల్ పైపు మార్పు ఉచితం. బిల్లు పోయినా పరవాలేదు, మిషన్ గుర్తుపడతాను. వద్దు, చిన్నది కావాలంటే పాతదానికి విలువ కట్టి తీసుకుంటాను. పిస్టన్ గీతలు పడి ఉంటే మాత్రం ఎంత ఇవ్వగలనో విప్పి చూశాకే చెప్పగలను. బయట కొన్న మిషన్లకు ట్యూనింగ్ 300. కొత్త మిషన్ ధరలో ట్యూనింగ్ కలిపే ఉంటుంది, అందుకే ఆన్‌లైన్ కన్నా కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ ఎక్కువకు అరగంట మీ ముందే పని చేసి చూపిస్తాను, స్క్రూ మీ చేతనే తిప్పిస్తాను.

పొద్దున పదింటి నుంచి పన్నెండింటి మధ్య రండి, ఆ టైములో కట్టె కోసి చూడటానికి వీలుంటుంది. బార్, చైను విప్పి తేవద్దు. అవి బిగించి ఉంటేనే ట్యూనింగ్ కుదురుతుంది. మీరు పోస్తున్న పెట్రోల్ సీసా కూడా వెంట తెండి.