పాత కంప్యూటర్‌ను పారేసే ముందు ఎర్రర్ కోడ్ చదవండి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత సిస్టంలో విండోస్ 11 ఎక్కించబోతే మధ్యలో ఆగిపోయిందనే ఫిర్యాదు అప్పటి నుంచి తరచూ వినిపిస్తోంది. దానికి పత్రికల్లో, టీవీల్లో దొరికే జవాబు దాదాపు ఒక్కటే: "సిస్టం పాతది, కొత్తది కొనుక్కోండి." ఇది తొందరపాటు సలహా. "ఈ పీసీకి అర్హత లేదు" అని సెటప్ గుమ్మంలోనే ఆపేయడం వేరు. సగం పైగా నడిచి, రెండు మూడుసార్లు రీస్టార్టయి, మార్పులన్నీ వెనక్కి తీసుకుని పాత విండోస్‌కే తిరిగి రావడం వేరు. మొదటిది హార్డ్‌వేర్ లెక్క. రెండోది చాలావరకు బాగుచేసుకోగలిగిన లోపం.

ముందు హార్డ్‌వేర్ సంగతి. విండోస్ 11 అడిగేవి 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టం లేవడం) చేయగల యూఈఎఫ్‌ఐ (సిస్టంను లేపే మదర్‌బోర్డు ప్రోగ్రాం, వాడుకలో బయోస్), తాళాలను భద్రంగా దాచే టీపీఎం 2.0. ప్రాసెసర్లలో స్థూలంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ రైజెన్ 2000 సిరీస్ నుంచి ఆమోదిత జాబితాలో ఉన్నాయి. ఈ తరం బోర్డులో టీపీఎం లేదని మెసేజ్ వస్తే వెంటనే నమ్మకండి, అది బయోస్‌లో ఆఫ్‌లో ఉండొచ్చు. పేరు కూడా మారుతుంది: ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం. బయోస్‌లో చెయ్యి పెట్టే ముందు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి సస్పెండ్ చేయాలి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. అది మరిచారా, అప్‌గ్రేడ్ సంగతి దేవుడెరుగు, ఉన్న ఫైళ్లే చేతికి రావు.

సెక్యూర్ బూట్ దగ్గర వరస తప్పేవాళ్లు ఎక్కువ. పాత సిస్టంలో విండోస్ తరచుగా లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత తరహా విభజన ఉన్న డిస్క్ మీద ఉంటుంది. ముందే బయోస్‌లో సీఎస్‌ఎం (ఆ పాత పద్ధతిని అనుమతించే సెట్టింగ్) ఆఫ్ చేసేస్తే బూట్ డివైస్ లేదంటుంది. కంగారు పడొద్దు, సీఎస్‌ఎం మళ్లీ ఆన్ చేస్తే మామూలుగానే లేస్తుంది. ముందు బ్యాకప్ తీసి, డిస్క్‌ను యూఈఎఫ్‌ఐకి కావాల్సిన జీపీటీ రకంగా మార్చేందుకు విండోస్‌తో పాటే వచ్చే ఎంబీఆర్2జీపీటీ కమాండ్‌ను వ్యాలిడేట్ ఆప్షన్‌తో నడపాలి. అది సరే అన్నాకే కన్వర్ట్, ఆ తర్వాతే బయోస్‌లో యూఈఎఫ్‌ఐ. డిస్క్‌లో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు (విభాగాలు) ఉంటే వ్యాలిడేట్ దగ్గరే ఆగిపోతుంది. ఇన్ని చేసినా మర్నాడు సెట్టింగులు మొదటికొస్తే, తేదీ ఏళ్ల వెనక్కి పోతే, మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయినట్టే. తేదీ తప్పితే సర్టిఫికెట్లు చెల్లక అప్‌డేట్ డౌన్‌లోడ్ కూడా దెబ్బతింటుంది.

ఇక మధ్యలో ఆగిపోయే రకం. ఎర్రర్ కోడ్‌లో రెండు ముక్కలుంటాయి. ముందుండే సున్నా-ఎక్స్‌ను వదిలేస్తే మొదటి ముక్క తరచుగా సి1900101, అంటే సాధారణంగా డ్రైవర్ల (పరికరాలను నడిపే ప్రోగ్రాంల) గొడవ. రెండో ముక్కలో మొదటి అంకె ఏ దశలో ఆగిందో చెబుతుంది: 2 అయితే సెటప్ తన సొంత చిన్న విండోస్‌లో నడుస్తున్నప్పుడు, 3 అయితే కొత్త విండోస్ తొలి బూట్‌లో, 4 అయితే రెండో బూట్‌లో. 3000డి వస్తే డిస్‌ప్లే డ్రైవర్‌ను అనుమానించండి. 40017 వస్తే పాతబడిన యాంటీవైరస్ మీదకు చూపు పోవాలి, దాన్ని డిసేబుల్ చేస్తే చాలదు, పూర్తిగా తీసేయాలి. మొదటి ముక్క సి1900208 అయితే డ్రైవర్ల జోలికి పోనక్కర్లేదు, కొత్త విండోస్‌కు పొసగని ప్రోగ్రాం ఏదో ఉంది.

ఊహలతో ఒక్కొక్కటీ పీకేయడం కంటే లాగ్ (సెటప్ రాసుకునే చిట్టా) చదవడం నయం. సి డ్రైవ్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే విండోస్.~బీటీ అనే దాచిన ఫోల్డర్, అందులో సోర్సెస్, దాని లోపల పాంథర్. అక్కడి సెటప్‌ఎర్ర్.లాగ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి కింద నుంచి పైకి చదవాలి. చదవడం కష్టమైతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సెటప్‌డయాగ్ ఆ పని చేసిపెడుతుంది. అందులో ఓఈఎం23.ఐఎన్‌ఎఫ్ లాంటి పేరు కనిపిస్తే దొంగ దొరికినట్టే. పీఎన్‌పీయుటిల్ కమాండ్‌తో డ్రైవర్ల జాబితా తీస్తే ఆ ఫైలు ఏ పరికరానిదో తెలుస్తుంది. ఎప్పుడో వాడి వదిలేసిన ప్రింటరుదో, వైఫై డాంగిల్‌దో అయి ఉంటుంది. దాన్ని తొలగించి, కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప మిగతావన్నీ ఊడదీసి మళ్లీ సెటప్ నడపాలి.

"సిస్టం రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను అప్‌డేట్ చేయలేకపోయాం" అనే మెసేజ్ ఇంకో రకం. సి డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉన్నా ఇది వస్తుంది, ఎందుకంటే అడుగుతున్నది దాని పక్కన దాగి ఉన్న బూట్ పార్టిషన్‌లో చోటు. పాత సిస్టంలలో అది తరచుగా 100 ఎంబీయే. కొన్ని యాంటీవైరస్‌లు కూడా అందులో రాసి నింపేస్తాయి. కావాల్సింది 15 ఎంబీ. జీపీటీ డిస్క్ అయితే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో మౌంట్‌వాల్ కమాండ్‌తో ఆ పార్టిషన్‌కు ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, ఈఎఫ్‌ఐ, మైక్రోసాఫ్ట్, బూట్ ఫోల్డర్ల లోపలి ఫాంట్స్‌లో ఉన్న ఫైళ్లు తీసేస్తే ఆ చోటు దొరుకుతుంది. అవి లేకపోయినా విండోస్ బూట్ అవుతుంది. పక్క ఫోల్డర్లను మాత్రం ముట్టుకోవద్దు.

సి డ్రైవ్‌లోనూ 20 జీబీకి పైగా ఖాళీ ఉంచుకోవాలి. ముందుగా డిస్మ్ రిస్టోర్‌హెల్త్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్లు నడిపితే పాత విండోస్‌లో చెడిన ఫైళ్లు సరవుతాయి. హార్డ్‌డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ వివరాల్లో పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేకపోతున్న చోట్లు) కనిపిస్తే అప్‌గ్రేడ్ ఆలోచన ఆపి డేటా బయటికి తీసుకోండి. చెడిన డిస్క్ మీద ఏ కిటుకూ పనిచేయదు.

విండోస్ అప్‌డేట్ ద్వారా కాకపోతే 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టాలర్ తయారు చేసుకోవచ్చు. కానీ దాన్ని విండోస్ లోపలి నుంచే తెరిచి సెటప్ నడపాలి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ప్రోగ్రాములు, ఫైళ్లు అలాగే ఉంచే ఆప్షన్ రాదు.

అర్హత లేని సిస్టంలో తనిఖీలను దాటించే చిట్కాలు వీడియోల్లో కొల్లలు. వాటిలో కొన్ని పనిచేస్తాయి, కానీ అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. కోర్ 2 డుయో లాంటి వాటికైతే అసలు దారే లేదు: 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11కు పాప్‌కౌంట్ అనే ప్రాసెసర్ సూచన తప్పనిసరి, అది లేని యంత్రంలో బూటే కాదు. అలాంటి సిస్టంలకు లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టం మేలు. విండోస్ 10లోనే ఉండక తప్పనివాళ్లకు గృహ వినియోగదారుల పొడిగింపు పథకం కింద 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ప్రకటించారు, కాకపోతే నమోదు చేసుకోవాలి.

అప్‌గ్రేడ్ విజయవంతమైతే పాత విండోస్ పది రోజులే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది. డిస్క్ క్లీనప్ జోలికి పోకుండా ఆ గడువులోపే ప్రింటర్, స్కానర్, డిజిటల్ సంతకం టోకెన్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకసారి నడిపి చూసుకోవాలి. ఏదైనా మొండికేస్తే సెట్టింగ్స్‌లోని రికవరీలో గో బ్యాక్ నొక్కితే విండోస్ 10 తిరిగొస్తుంది. గడువు దాటితే ఆ బటన్ పనిచేయదు.

– ఒక కంప్యూటర్ సర్వీస్ ఇంజినీరు