స్నో లేక్ ట్రిప్ విషయంలో సాయం చేసిన అందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం. పోయిన నెల నేను ఈ గ్రూపులో, సియాటిల్ దగ్గరి కొండల్లో ఉన్న సరస్సు గురించి, "శనివారం స్నో లేక్ వెళ్తున్నాం, మైక్రోస్పైక్స్ (బూట్లకి తొడిగే ముళ్ళు) సరిపోతాయా, స్నోషూస్ (మంచులో కూరుకుపోకుండా వేసుకునే వెడల్పాటి తొడుగులు) అద్దెకి తీసుకోవాలా" అని అడిగితే, ఏదో ఒక ముక్క చెప్పి ఊరుకోకుండా మీరంతా ఇంత శ్రద్ధ తీసుకున్నందుకు చాలా చాలా థాంక్స్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కుదరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు బాథెల్‌లో ఉండే అన్నకి. పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు. నా మెసేజ్ చూసి నేరుగా ఫోన్ చేసి, "కాళ్ళకి ఏం వేసుకోవాలో తర్వాత చూద్దాం, నెత్తి మీద ఏముందో చూశారా?" అన్నారు. ఆఫీసు పని పక్కన పెట్టి స్క్రీన్ షేర్ చేసి మ్యాప్ మొత్తం చూపించారు. ఎండాకాలంలో పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళొచ్చే దారే అది. కానీ చలికాలంలో దారి మొదలయ్యే ఆల్పెంటల్ పార్కింగ్ దాటాక ఆ లోయ పొడుగునా పైనుంచి మంచు జారి దిగే చోట్లు ఉన్నాయి. వాలు ఎంతుందో మ్యాప్‌లో రంగుల్లో చూపించే ఆప్షన్ ఒకటుంది. 30 డిగ్రీలు దాటితే నారింజ, 35 నుంచి 45 దాకా ఎరుపు. మేం నడిచే దారిలో చాలాచోట్ల ఏ రంగూ లేదు, దానికి పైన చూస్తే నారింజ, ఎరుపు. మా ఆవిడ అది చూసి నా వంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

పైగా ఆ వారం కొత్త మంచు బాగా పడింది, శనివారానికేమో హవాయి వైపు నుంచి వెచ్చటి తేమ గాలి వస్తోంది, స్నోక్వాల్మీ పాస్ (అక్కడి కొండల మధ్య కనుమ) దగ్గర వాన అని ఫోర్‌కాస్ట్. వాన పడితే మంచు కరిగి తగ్గిపోతుంది కదా అని మా తమ్ముడి వాదన. తగ్గే ముందు ఆ నీళ్ళ బరువంతా కొత్త మంచు మీదే పడుతుంది, లోపల పట్టు వదిలేస్తుంది, మనిషి అడుగు పెట్టకపోయినా దానంతట అదే జారిపోవచ్చు అని అన్న ఓపిగ్గా చెప్పారు. స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌లో 1910 మార్చి 1న జరిగింది ఇలాంటి వాతావరణంలోనే. రోజుల తరబడి మంచు, ఆ వెంటనే వాన, కొండ మీది మంచు జారి ఆగి ఉన్న రెండు రైళ్ళను లోయలోకి తోసేసింది, 96 మంది పోయారు. ఐరన్ గోట్ ట్రైల్ అని మనలో చాలామంది వెళ్ళి ఫోటోలు దిగే చోటు అదే.

శుక్రవారం సాయంత్రం నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ (కొండల మీద మంచు జారే ప్రమాదాన్ని అంచనా వేసేవాళ్ళు) ఫోర్‌కాస్ట్‌లో ప్రమాదం ఒకటి నుంచి ఐదు లెక్కలో, చెట్లు పలచబడే ఎత్తు నుంచి పైకి 4, కింద 3 అని పెట్టారు. ఐదులో మూడే కదా, కింద తిరిగి వచ్చేద్దాం అన్నవాళ్ళు మాలోనూ ఉన్నారు. దానికి ఇక్కడ ఒకాయన ఇచ్చిన జవాబు నేను దాచుకున్నాను: ఎక్కువమంది చనిపోయేది 3 ఉన్న రోజుల్లోనే, ఎందుకంటే 4, 5 ఉంటే జనం భయపడి ఇంట్లో ఉంటారు. "మేం వెళ్ళాం, ఏం కాలేదు" అని రాసినవాళ్ళకీ థాంక్స్, కానీ దానర్థం ఆ రోజు జారలేదనే తప్ప అక్కడ జారదని కాదు కదండీ.

ఇక రెడ్‌మండ్‌లో ఉండే అక్క. తన దగ్గరున్న బీకన్లు (మంచు కింద పడ్డవాళ్ళు ఎక్కడున్నారో కనిపెట్టే చిన్న రేడియో పరికరాలు) తీసుకుని మారీమూర్ పార్క్‌కి వచ్చి, ఆ చలిలో మా అందరికీ నేర్పించారు. ఒకటి సంచిలో పెట్టి ఆకుల కింద దాచేశారు. మా అమ్మాయికి రెండోది ఇచ్చి వెతకమన్నారు. తెర మీద దూరం 38, 24, 11 అని తగ్గుతుంటే మా అమ్మాయి పరుగు మొదలెట్టింది. దగ్గరికొచ్చాక మాత్రం "ఆగు, ఇప్పుడు నెమ్మదిగా, నేలకి ఆనించినట్టు పట్టుకో, అటూ ఇటూ తిప్పకు" అని అక్క దాని చెయ్యి పట్టుకుని చూపించారు. ఆ తర్వాత ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడుగాటి కడ్డీ), ఆ తర్వాత పార. మంచు కింద పడ్డవాళ్ళని మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తేనే బతికే అవకాశం బాగా ఉంటుందట, 911 వాళ్ళు వచ్చేసరికి ఆ టైమ్ ఎప్పుడో అయిపోతుంది, అంటే తవ్వాల్సింది పక్కనున్న మనమే. మరి వాన లేని రోజు వెళ్ళొచ్చా అని తమ్ముడు మళ్ళీ మొదలెట్టాడు. చలికి లోపల ఒక పొర పట్టు లేకుండా తయారైతే పైనున్న గట్టి మంచు పంచదార మీద పెట్టిన పలకలా ఉంటుందనీ, చాలాసార్లు అది తెగేది మన బరువుకో మన వెంట వచ్చినవాళ్ళ బరువుకో అనీ అక్క చెప్పాక వాడు నోరు మూశాడు. ఇది మా ఇంట్లో రికార్డు.

స్నో లేక్‌కి బదులు హయాక్ స్నో పార్క్ (పిల్లలు మంచులో ఆడుకునే చోటు) సంగతి చెప్పినవాళ్ళకి మా పిల్లల తరఫున స్పెషల్ థాంక్స్. వాన తగ్గాక తర్వాతి వారం వెళ్ళాం, పర్మిట్ ముందే కొనుక్కోమని చెప్పడం చాలా పనికొచ్చింది. పులిహోర గడ్డకట్టింది, అయినా మిగల్లేదు.

రోజూ కొండ మీదికెళ్ళి మంచు తవ్వి చూసి ఆ ఫోర్‌కాస్ట్ రాసేవాళ్ళకి మాకు తోచినంత డొనేట్ చేశాం, మీకూ వీలైతే చూడండి. వాళ్ళ ఉచిత అవేర్‌నెస్ క్లాసుకి నేనూ తమ్ముడూ పేర్లు ఇచ్చాం. సమామిష్ నుంచి బయల్దేరుతున్నాం, కార్లో రెండు సీట్లు ఖాళీ, వచ్చేవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి.