కుక్కపిల్ల జూలై 6 దాకా ఆగుతుందా?

ఎడిటర్ గారికి,

ఈ నెల 7న మీ జిల్లా పేజీలో పెంపుడు కుక్కలకి ఉచిత రేబిస్ టీకాలు, విశేష స్పందన అని ఫొటోతో సహా వేశారు. ఆ ఫొటోలో వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డది నేనే, నాలుగు రోజులు ఊరుకుందామని చూశా, నా వల్ల కాలేదు. పొద్దున 8కల్లా పశువుల ఆసుపత్రి గేటు దాటి లైన్, నాయకుడుగారు వచ్చేసరికి పదిన్నర, ఆయన పట్టుకున్న పొమేరియన్ వేలు కొరకబోయింది, అది మాత్రం మీవాళ్ళు వెయ్యలేదు. పదకొండున్నరకి మందు అయిపోయిందన్నారు. మళ్ళీ ఎప్పుడండీ అంటే కాంపౌండర్ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

1885లో జూలై 6నే పాశ్చర్ అనే శాస్త్రవేత్త ఓ పిల్లాడికి రేబిస్ టీకా వేశాడని, ఏటా ఆ రోజున జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం, చేస్తారు, ఈ క్యాంపూ అందుకే, సంతోషం. కానీ కుక్కపిల్ల జూలై 6 చూసుకుని పుడుతుందా? మూడు నెలలు నిండాక రేబిస్ టీకా పడాలి, బూస్టర్ వేసి ఆపైన ఏడాదికోసారి. దానికంటే ముందే, ఆరు ఎనిమిది వారాల వయసులోనే పార్వో, డిస్టెంపర్ లాంటి ప్రాణం తీసే వైరస్ జబ్బులకి సెవెనిన్‌వన్, అంటే ఏడింటికి కలిపి వేసే టీకా, మొదలెట్టి నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి, మధ్యలో నట్టల మందు. అంత పెద్ద ఫ్లెక్సీలో ఈ ముక్క ఒక్కటీ లేదు, ఫొటోలు మాత్రం పదకొండు, లెక్కపెట్టా.

మాకూ తెలీదు. పోయినేడాది జూన్‌లో రెండున్నర నెలల మా కుక్కపిల్ల చింటూగాడికి, క్యాంపు వస్తుందిగా అప్పుడన్నీ వేస్తార్లే అనుకుని ఊరుకున్నాం. పార్వో వచ్చింది. నాలుగు రోజులు రక్తం విరేచనాలు, ఆ వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేరు. కిటికీ ఊచకి సెలైన్ సీసా కట్టి మా ఆవిడ రాత్రంతా దాని కాలు పట్టుకుని కూర్చుంది. ఐదోరోజు పొద్దున పోయింది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది, బ్లీచింగ్‌తో కడగమన్నాడు ప్రైవేటు డాక్టర్. మా మున్సిపాలిటీకి బ్లీచింగ్ అంటే మంత్రిగారు వచ్చినప్పుడు రోడ్డు పక్కన ముగ్గులా చల్లేది, ఇంటిపన్ను మెసేజ్ మాత్రం టైముకి టంచనుగా వస్తుంది.

ఇప్పుడున్న కుక్కకి బయట డబ్బులిచ్చి వేయించా, నాకు చేతనైంది. మా వీధిలో పాలవాడికి, ఇస్త్రీ చేసే ఆవిడకీ కుక్కలున్నాయి, వాళ్ళు ఎక్కడికి పోతారు? ఆసుపత్రిలో ఏడాది పొడుగునా మందు ఉంచడానికి ఏం అడ్డం? ఆ రోజు ఫ్రిజ్ తలుపు తీస్తే నేనే చూశా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య టీకాలు ఉండాల్సిన అరలో పెరుగు ప్యాకెట్లు, ఎవరిదో టిఫిన్ బాక్సు. వచ్చే ఏడాది మీ ఫొటోగ్రాఫర్‌ని దాని దగ్గరికి కూడా పంపండి.

- మీ పాత చందాదారు